మొదటి పది నిమిషాల వాసన

ఫిబ్రవరి రెండో వారం దగ్గరపడేసరికి బెంగళూరు విమానాశ్రయం సరుకు విభాగంలో గులాబీల పెట్టెలు పేరుకుపోతాయి. ప్రేమికుల రోజు కోసం సింగపూరుకు, గల్ఫ్‌కు, ఇంకా దూరాలకు వెళ్ళే ఎర్ర గులాబీలవి. పొడుగాటి కాడ, బిగుతైన మొగ్గ, పది రోజులు వాడని రేకులు. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాత్రం పచ్చి ఆకు వాసన తప్ప పెద్దగా ఏమీ ఉండదు. అదే విమానాశ్రయం రెండో టెర్మినల్‌లో, భద్రతా తనిఖీ దాటగానే డ్యూటీ ఫ్రీ దుకాణం. అక్కడ గులాబీ వాసన సీసాల్లో ఉంటుంది, పూవు ఉండదు. పూవు కింద సరుకుగా పోతోంది, దాని వాసన పైన సరుకుగా అమ్ముడవుతోంది.

గూళూరు, బాగేపల్లి వాళ్ళకు ఈ విమానాశ్రయం దూరం కాదు. 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే పేరేసంద్ర, చిక్కబళ్ళాపురం మీదుగా నేరుగా దేవనహళ్ళి. దారి పొడవునా పూలతోటలే. చిక్కబళ్ళాపురం పూల మార్కెట్టులో తెల్లవారుజామున చామంతి, బంతి, గులాబీ, కనకాంబరం మూటలు దిగుతుంటాయి. కనకాంబరానికి అసలు వాసనే లేదని మన ఆడవాళ్ళకు తెలియనిది కాదు. అందుకే మాలలో దాని పక్కన మరువమో మల్లెలో కలిపి కడతారు. రంగు ఒకదానిది, వాసన ఇంకోదానిది. సీసాలో సెంటు కలిపేవాడు చేసేదీ దాదాపు ఇదే.

గులాబీకి వాసన ఎలా పోయిందో తెలుసుకోవడానికి ఫ్రాన్సు శాస్త్రవేత్తలు రెండు రకాలను పక్కపక్కన పెట్టి చూశారు. ఒకటి ఘుమఘుమలాడే ‘పాపా మెయాన్’, రెండోది వాసన లేని ‘రూజ్ మెయాన్’. గులాబీ వాసనలో ముఖ్యమైన జెరానియోల్ అనే పదార్థం తయారీకి నుడిక్స్ కుటుంబానికి చెందిన ఒక ఎంజైమ్ తోడ్పడుతుందనీ, వాసన లేని రకంలో దాని జన్యువు పనిచేయడం బాగా తగ్గిపోయిందనీ 2015లో తేల్చారు. ఎక్కువ రోజులు నిలవాలి, కాడ నిటారుగా ఉండాలి, పెట్టెలో నలగకూడదు అని ఏరుకుంటూ పోయిన మనిషి వాసనను లెక్కలోకి తీసుకోలేదు. ఇప్పుడు దాన్ని విడిగా కొంటున్నాడు.

కౌంటరు దగ్గరికి వద్దాం. అమ్మే అమ్మాయి సన్నటి కాగితపు ముక్క మీద సెంటు కొట్టి, గాలిలో రెండుసార్లు ఆడించి చేతికిస్తుంది. నా ముందున్న పెద్దాయన అమెరికాలో కొడుకు దగ్గరికి పోతున్నాడు, కోడలికి ఏదన్నా తీసుకోవాలని చూస్తున్నాడు. మాట తీరు మా వైపుదే.

“ఇది నిమ్మకాయ వాసన కదమ్మా?”

“సిట్రస్ సార్. చాలా ఫ్రెష్‌గా ఉంటుంది. లాంగ్ లాస్టింగ్ సార్.”

“సాయంత్రం దాకా ఉంటుందా నిమ్మకాయ?”

అమ్మాయి నవ్వేసి ఇంకో సీసా తీసింది. పెద్దాయన అడిగినదానికి జవాబు చెప్పడం ఆమె ఉద్యోగంలో భాగం కాదు. ఆ జవాబు చెప్పడానికే ఈ అధ్యాయం.

సీసాలో ఎక్కువ భాగం ఆల్కహాల్. సారాయిలో మత్తెక్కించే ఇథనాలే ఇదీ, కాకపోతే తాగడానికి పనికిరాకుండా చేసినది. అది 78 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. చర్మం వేడి 32 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది, కాబట్టి మరగదు గానీ క్షణాల్లో ఎగిరిపోతుంది. కొట్టగానే చల్లగా అనిపించేది అందుకే. వాసననిచ్చే నూనెలు మిగతా భాగం. సీసా మీద రాసేదాన్ని బట్టి వాటి పాలు మారుతుంది: కొలోన్ అంటే ఇంచుమించు 2 నుంచి 5 శాతం, ఓ ద త్వాలెట్ 5 నుంచి 15, ఓ ద పర్ఫ్యూమ్ 15 నుంచి 20, ఉత్త పర్ఫ్యూమ్ అంటే ఇంకా ఎక్కువ. ఇవి వ్యాపారంలో వాడుకగా వచ్చిన లెక్కలే, చట్టం గీసిన గీతలు కావు. ఒక కంపెనీ ఓ ద పర్ఫ్యూమ్ మరో కంపెనీ ఓ ద త్వాలెట్ కంటే పలచగా ఉన్నా అడిగేవాడు లేడు.

ఆ నూనెల్లో పదుల కొద్దీ, ఒక్కోసారి వందల కొద్దీ పదార్థాలు ఉంటాయి. అన్నీ ఒకే వేగంతో ఆవిరి కావు. నిమ్మ, నారింజ తొక్కల్లో ఉండే లిమోనీన్ చిన్న అణువు, పది కార్బన్లు, పదహారు హైడ్రోజన్లు. పట్టి ఉంచడానికి దానిలో ఆక్సిజన్ కూడా లేదు. చర్మం మీద పడ్డ కొద్ది నిమిషాల్లో గాలిలో కలుస్తుంది. గులాబీ నీళ్ళకు వాసననిచ్చే ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ కొంచెం నిదానం. పెళ్ళిలో పన్నీటి బుడ్డి ఊపినప్పుడు మీద పడేది అదే. నీళ్ళలో బాగా కరుగుతుంది కనుకనే పన్నీరుకు అంత వాసన. చందనంలో ఉండే శాంటలోల్ పదిహేను కార్బన్ల అణువు, పైగా ఒక ఆక్సిజన్‌తో పక్కవాళ్ళను పట్టుకుని కూర్చుంటుంది. లిమోనీన్‌తో పోలిస్తే దాని ఆవిరి పీడనం వేల రెట్లు తక్కువ. పొద్దున కొట్టుకుంటే రాత్రి పడుకునేటప్పుడు కూడా చొక్కా మీద ఉంటుంది.

కాబట్టి సెంటు ఒక వాసన కాదు, వరుసగా వచ్చే వాసనలు. ముందు నిమ్మజాతి, తర్వాత పూలు, చివరికి చెక్క, బంక, కస్తూరి. తయారుచేసేవాళ్ళు ఈ మూడింటినీ తల, గుండె, అడుగు అంటారు. దుకాణంలో మనం నిలబడేది పది నిమిషాలు, మహా అయితే పావుగంట. అంటే మనం తల చూసి కొంటాం, అడుగుతో కాపురం చేస్తాం. ఈ సంగతి తయారుచేసేవాళ్ళకు బాగా తెలుసు. కొత్త సెంట్లలో చాలావాటికి తొలి నిమిషాలు ముచ్చటగా ఉండేది ఊరకే కాదు, అమ్ముడయ్యేది ఆ నిమిషాల్లోనే. సాయంత్రం దాకా నిమ్మకాయ ఉంటుందా అన్న పెద్దాయన ప్రశ్న ఆ కౌంటరు దగ్గర అడగాల్సిన ఒకే ఒక్క ప్రశ్న.

ముక్కు కూడా ఇందులో కొంచెం మోసం చేస్తుంది. మన ముక్కు పైభాగంలో వాసనను పట్టే గ్రాహకాలు దాదాపు 400 రకాలు పనిచేస్తాయి. వీటి జన్యువుల కుటుంబాన్ని 1991లో లిండా బక్, రిచర్డ్ యాక్సెల్ బయటపెట్టారు. 2004లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఒక్కో వాసన అణువు కొన్ని గ్రాహకాలను తడుతుంది. ఏవేవి మోగాయో ఆ కలయికను బట్టి మెదడు అది మల్లె అనో కిరోసిన్ అనో అనుకుంటుంది. అయితే ఒకే వాసన అదేపనిగా తగులుతుంటే ఆ నాడీకణాలు స్పందించడం తగ్గించేస్తాయి. మూడో సెంటు, నాలుగో సెంటు చూసేసరికి అన్నీ ఒకేలా అనిపించేది ఇందుకే. కొన్ని దుకాణాల్లో గాజు గిన్నెలో కాఫీ గింజలు పెడతారు, వాసన చూస్తే ముక్కు మళ్ళీ కొత్తగా అవుతుందని. పరీక్ష పెట్టి చూస్తే కాఫీ గింజలకూ మామూలు గాలికీ తేడా కనబడలేదు. గింజలు పక్కన పెట్టి దుకాణం బయటకు నాలుగడుగులు వేసి రావడమే మేలు.

ఇంకో చిక్కు ఏమిటంటే, అందరి ముక్కూ ఒకటి కాదు. సబ్బుల్లో, సెంట్లలో విరివిగా వాడే కొన్ని కృత్రిమ కస్తూరులు కొంతమందికి బొత్తిగా తెలియవు. ఇంట్లో ఒకరు “ఏం సెంటు కొట్టుకున్నావు, తలనొప్పి వస్తోంది” అంటే రెండోవారు “నాకేం రావట్లేదే” అనడం మొండితనం కానక్కరలేదు. గ్రాహకం జన్యువులో తేడా కావచ్చు. పక్కవాడి ముక్కుతో సెంటు కొనకూడదన్నమాట, బహుమతి ఇచ్చేవాళ్ళకు ఇది ఇబ్బందే.

గుండె భాగంలో ఎక్కువగా వినిపించే పేరు మల్లెజాతి. మనకు మల్లెలంటే కదిరి. బాగేపల్లి దాటి ఆంధ్రలోకి అడుగుపెట్టి ఇంకాస్త పోతే కదిరి మల్లెల ఊరు. మల్లెమొగ్గ కోసిన తర్వాత కూడా బతికే ఉంటుంది, సాయంత్రం విచ్చుకుంటూ గంటల తరబడి వాసన తయారు చేస్తూనే ఉంటుంది. వేడి ఆవిరి తగిలితే ఆ సున్నితమైన వాసన పాడవుతుంది. అందుకని ఒకప్పుడు ఫ్రాన్సులోని గ్రాస్ ఊళ్ళో పలకల మీద వాసన లేని కొవ్వు రాసి, దాని మీద పూలు పరిచి, పూలు మార్చుకుంటూ కొవ్వుకు వాసన పట్టించేవారు. ఇప్పుడు హెక్సేన్ అనే ద్రావకంలో వాసనను లాగి, మైనం లాంటి ముద్ద చేసి, దాన్ని ఆల్కహాల్‌తో కడిగి చిక్కటి సారం తీస్తారు. తమిళనాడులో మదురై, కోయంబత్తూరు వైపు ఈ కార్ఖానాలున్నాయి. పారిస్ పేరు రాసుకున్న ఖరీదైన సీసాల్లో మదురై మల్లె సారం ఉండడం ఇప్పుడు మామూలు సంగతి.

మల్లె వాసనను విడదీస్తే బెంజైల్ అసిటేట్, లినలూల్ కనిపిస్తాయి. వాటితోపాటు ఇండోల్ అనే పదార్థం కూడా కొద్దిగా ఉంటుంది. చిక్కగా ఉంటే ఇండోల్ వాసన భరించలేం, మలంలోనూ ఉండే పదార్థమది. కొసరంత ఉంటేనే పూవు పూవులా ఉంటుంది. రాత్రి తలలో పెట్టుకున్న మల్లెలు పొద్దునకు వాడి, వాటి వాసన మందంగా మారుతుంది కదా, తేలిక అణువులు వెళ్ళిపోయాక మిగిలిన ఆ బరువులో ఇండోల్ పాలుంది. చవక మల్లె అగరొత్తుల్లో ఈ లోతు ఉండదు. అందులో బెంజైల్ అసిటేటే ఎక్కువ, అది ఫ్యాక్టరీలో చవకగా తయారవుతుంది. మల్లె సారాన్ని తరచి చూసిన ఫిర్మెనిక్ కంపెనీ రసాయనవేత్తలు మరో దారి పట్టారు. మిథైల్ డైహైడ్రోజాస్మొనేట్ అనే పదార్థాన్ని తయారుచేసి ‘హెడియోన్’ అని పేరు పెట్టారు. మల్లెతోటలో గాలి వీచినట్టుండే పలచటి వాసన. 1966లో దియోర్ కంపెనీ మగవాళ్ళ కోసం తెచ్చిన ‘ఓ సవాజ్’లో ఎడ్మాన్ రుద్‌నిట్‌స్కా దాన్ని వాడాక సెంట్ల లోకమే మారిపోయింది. ఇవాళ కౌంటరు మీద వరుసగా పెట్టిన సీసాల్లో హెడియోన్ లేనిది వెతికితే గానీ దొరకదు.

ఇక అడుగు భాగం. నాకు ఈ మొత్తం కథలో ఇష్టమైన ముక్క ఇదే, ఎందుకంటే ఇది మొదట చెప్పిన 44వ నంబరు రోడ్డు మీదే నడిచింది.

విమానాశ్రయం ఉన్న దేవనహళ్ళి టిప్పు సుల్తాన్ పుట్టిన ఊరు. చందనాన్ని రాచవృక్షంగా ప్రకటించి, ఆ వ్యాపారాన్ని రాజ్యం చేతిలోకి తీసుకున్నది ఆయనే. ఆ ఏర్పాటు మైసూరు రాజుల కాలంలోనూ, స్వతంత్రం వచ్చాకా కొనసాగింది. సొంత చేలో మొలిచినా చందనం చెట్టు సర్కారుదే. ఫలితం ఊహించవచ్చు, రైతు చందనం మొక్క కనిపిస్తే పీకేసేవాడు, తలనొప్పి ఎందుకని. 2001లో కర్ణాటక ప్రభుత్వం అటవీ చట్టాన్ని సవరించి, భూమి ఎవరిదో చెట్టూ వాళ్ళదే అన్నాక గానీ రైతులు నాటడం మొదలుపెట్టలేదు. అప్పటికీ దొంగల భయం, కొట్టడానికి అనుమతుల తంటా పోలేదు.

దేవనహళ్ళి నుంచి ఉత్తరానికి వస్తే నంది కొండల దాపున ముద్దేనహళ్ళి. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టిన ఊరు. ఆ ఇంటిపేరు ప్రకాశం జిల్లా వైపు ఉన్న మోక్షగుండం ఊరిది, ఎన్నో తరాల కింద ఇటు వచ్చిన తెలుగు కుటుంబం. ఆయన 1912 నుంచి 1918 దాకా మైసూరు దివాను. అప్పటిదాకా మైసూరు చందనపు దుంగలు వేలంలో అమ్ముడై ఓడలెక్కి యూరప్‌కు, ముఖ్యంగా జర్మనీకి పోయేవి. నూనె తీసేది అక్కడ. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి ఓడలు ఆగిపోయి దుంగలు గోదాముల్లో పడిపోయాయి. నూనె మనమే తీస్తే పోలా అన్నది అప్పుడు వచ్చిన ఆలోచన. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో సడ్‌బరో, వాట్సన్ అనే ఇద్దరు ఆచార్యులు నూనె తీసే పద్ధతిని సరిచేసి చూపారు. దాని మీద మైసూరులో నూనె కార్ఖానా, ఆ వెనకే బెంగళూరులో సబ్బుల కార్ఖానా వచ్చాయి. మన ఇళ్ళలో నలుచదరపు పెట్టెలో వచ్చే మైసూర్ శాండల్ సబ్బు పుట్టుక అది. ముడిసరుకు మనది, వాసన పరాయివాళ్ళది అనే లెక్కను కాస్తయినా తిరగేసిన సందర్భం.

నూనె తీయడం చెప్పినంత తేలిక కాదు. వాసన ఉండేది చెట్టు నడిమి చేవలో. చేవ కట్టడానికి ఏళ్ళు పడుతుంది, బాగా నూనె దిగాలంటే ఇరవై ముప్పై ఏళ్ళ చెట్టయితే మంచిది. ఆ చేవను పొడి చేసి దాని గుండా ఆవిరిని రోజుల తరబడి పంపాలి. నిలకడగా ఉండే అణువు మరి, తేలిగ్గా బయటికి రాదు. చర్మం మీద రాత్రిదాకా నిలిచే ఆ గుణమే కార్ఖానాలో బొగ్గు ఖర్చు పెంచుతుంది. నూనెలో దాదాపు సగం ఆల్ఫా శాంటలోల్, ఐదో వంతు బీటా శాంటలోల్, అసలు చందనపు పరిమళం ఎక్కువగా రెండోదానిది. చెట్టు పెంపకంలోనూ ఒక మెలిక ఉంది. చందనం ఒంటరిగా బతకదు. కంది, కానుగ లాంటి పక్కమొక్కల వేళ్ళకు తన వేళ్ళను తగిలించి నీరు, లవణాలు పీల్చుకుంటుంది. తోట పెట్టాలంటే తోడు మొక్కలు కూడా నాటాల్సిందే.

అడవిలో చెట్టు తరిగింది, ధర ఆకాశానికంటింది. సెంట్ల కంపెనీలు కృత్రిమ చందనాల వైపు మళ్ళాయి: శాండలోర్, పాలీశాంటోల్, జావనోల్. 1989లో గెర్లాన్ తెచ్చిన ‘సంసార’లో మైసూరు చందనం దండిగా ఉన్నా, పక్కనే పాలీశాంటోల్ కూడా ఉంది. ఇప్పుడు సీసా మీద చందనం అని ఉంటే చాలాసార్లు ఇవే. దీన్ని కల్తీ అని కొట్టిపారేయడం నాకు సరికాదనిపిస్తుంది. చెట్టు కొట్టకుండా అదే గ్రాహకాన్ని తట్టగలిగితే నష్టమేమిటి? పైగా 2014లో జర్మనీలోని బోఖుమ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక విచిత్రం చూశారు. చందనపు వాసనకు స్పందించే ఒక గ్రాహకం ముక్కులోనే కాదు, చర్మ కణాల్లోనూ ఉంది. శాండలోర్ తగిలితే ప్రయోగశాలలో ఆ కణాలు చురుగ్గా పెరిగి, గీరిన చోటును తొందరగా పూడ్చాయి. సీసా కొనుక్కుని గాయానికి రాసుకోమని కాదు, అందులోని ఆల్కహాల్ మంటకు కళ్ళు తిరుగుతాయి.

ఇంతకీ ఇవన్నీ చవకా? డ్యూటీ ఫ్రీ దుకాణమనేది 1947లో ఐర్లండులోని షానన్ విమానాశ్రయంలో బ్రెండన్ ఓ రీగన్ మొదలుపెట్టిన ఉపాయం. దేశం దాటిపోతున్నవాడి సరుకు మీద దేశంలో పన్ను ఎందుకన్నది వాదన. మన దగ్గర ఇది కోర్టుకెక్కిన ముచ్చట బెంగళూరుదే. విమానాశ్రయంలో భారత పర్యాటక అభివృద్ధి సంస్థకు చెందిన దుకాణాల అమ్మకాల మీద కర్ణాటక పన్ను వేయబోతే, సరుకు ఇంకా కస్టమ్స్ సరిహద్దు దాటనే లేదు కనుక రాష్ట్రం పన్ను వేయడానికి వీల్లేదని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. ఊళ్ళో కొంటే సెంటు మీద 18 శాతం జీఎస్టీ, విదేశీదైతే దిగుమతి సుంకం కూడా. అవి తగ్గుతాయి. కానీ పన్ను తీసేసిన మేరకు ధర తగ్గించాలని దుకాణదారుకు రూలేమీ లేదు. ఫోనులో బయటి ధర చూసుకుని కొనడం నామోషీ కాదు.

సెంట్ల పక్కన అలంకరణ సామాను అరలను ఎక్కువసేపు చూడక్కర్లేదు. లిప్‌స్టిక్ మెరుపులో, నునుపులో ఆముదానికి పెద్ద పాలుంది. బాగేపల్లి చేలలో వేరుశనగ సాళ్ళ మధ్య కనిపించే ఆముదమే. దాని రిసినోలిక్ ఆమ్లంలో ఉన్న అదనపు హైడ్రాక్సిల్ వల్ల నూనె చిక్కగా ఉంటుంది, రంగుల్ని బాగా పట్టుకుంటుంది. కనురెప్పల పొడిలో తళతళ అభ్రకానిది. ఒకప్పుడు నెల్లూరు వైపు గూడూరు గనులు అభ్రకానికే పేరు మోశాయి. అలంకరణ డబ్బా మీద మూత తెరిచిన బొమ్మ, పక్కన 12 అంకె ఉంటే, తెరిచాక 12 నెలల్లో వాడేయాలని అర్థం. ఆ బొమ్మ చూసి కొనేవాళ్ళు తక్కువ.

కొన్న సీసాతో విమానం మారేవాళ్ళు ఒక విషయం గుర్తుంచుకోవాలి. 2006 ఆగస్టులో లండన్‌లో ద్రవ పేలుడు పదార్థాల కుట్ర బయటపడ్డాక చేతిసంచిలో 100 మిల్లీలీటర్లకు మించిన సీసాలు కుదరవన్న నియమం వచ్చింది. కొన్ని విమానాశ్రయాలు ఇప్పుడు దాన్ని సడలించినా, చాలాచోట్ల అది ఇంకా ఉంది. డ్యూటీ ఫ్రీ వాళ్ళు సీలు వేసి ఇచ్చే పారదర్శక సంచికి మినహాయింపు ఉంటుంది, రసీదు లోపలే కనబడుతూ ఉండాలి. వాసన చూద్దామని ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగేలోపు సీలు చించితే అక్కడి తనిఖీలో పెద్ద సీసా చెత్తబుట్టలోకి పోవచ్చు. విమానంలో వాసన చూడటం దండగ కూడా, గాలి పొడిగా, పీడనం తక్కువగా ఉండే ఆ గదిలో ముక్కు మొద్దుబారి ఉంటుంది.

సెంటుకు శత్రువులు వెలుతురు, వేడి, గాలి. లిమోనీన్, లినలూల్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మారిపోతే వాసన చెడడమే కాదు, కొందరికి చర్మం దురదలు పెట్టే పదార్థాలు తయారవుతాయి. ఏప్రిల్‌లో బాగేపల్లి ఎండకు కారు డాష్‌బోర్డు మీద పెట్టిన సీసా ఎక్కువ కాలం దక్కదు. అద్దం ముందు, కిటికీ పక్కన పెట్టేదీ అంతే. దుబాయి నుంచి తమ్ముడు తెచ్చిన సెంటును చీరల మడతల్లో, చీకటి బీరువాలో దాచే అక్క పద్ధతే నయం. కాకపోతే పట్టుచీర మీద నేరుగా కొట్టకుండా ఉంటే మంచిది, నూనె మరక పడితే పట్టు మీంచి వదలదు. మణికట్టుకు, మెడకు రాసుకుంటే చాలు.